దస్తగిరి పరుపు

పోయినవాళ్ళ గురించి నలుగురిలో మాట్లాడే నబీసాబు తాత, ఈసారి ఆ పని మొదటిసారి తన శిష్యుడు మౌలాలికి అప్పజెప్పాడు. నంద్యాలలో పరుపుల కొట్టు నడిపిన దూదేకుల దస్తగిరి చనిపోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఆయన గురించి చెప్పాలి.

"తాతా, ఆయన మిలిటరీలో చేశాడు, వ్యాపారం చేశాడు, సంసారం ఈదాడు. ఏది ముందు చెప్పాలి?"

"నువ్వేమనుకున్నావు?"

"పది నిమిషాలు తీసుకుంటా. మిలిటరీకి నాలుగు, కొట్టుకి నాలుగు, ఇంటికి రెండు."

"ఇంటికి రెండేనా?"

"ఇంట్లో అందరూ చేసేదే కదా తాతా."

"సరే, రాసుకో" అన్నాడు తాత.

ఆ రోజు అందరూ కొట్టులోనే కూర్చున్నారు. మధ్యలో ఒక పరుపు ఉంది. పురిటికి వచ్చిన ఆడపిల్లకి తండ్రి కొత్త పరుపు కుట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కూతురు మాబున్ని కోసం మొదలుపెట్టిన ఆ పరుపు మీదే దస్తగిరి ఒరిగిపోయాడు. ఒక అంచు తెరిచే ఉంది. దబ్బనం దానికే గుచ్చి ఉంది.

పెద్దకొడుకు ఖాసిం దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "నాయన ఆఖరి కుట్టు. అద్దాల పెట్టె చేయిస్తా" అన్నాడు. నెలలు నిండిన మాబున్ని చాప మీదే పడుకుంటోంది. తల్లి ఫక్కీరమ్మ కొడుక్కి చెప్పలేక, కూతురి ముఖం చూడలేక ఊరుకుంది.

అద్దాల పెట్టె మాట మౌలాలికి బాగా నచ్చింది. ఫాతిహా అయ్యాక లేచి, దస్తగిరి మిలిటరీలో చేసిన మంచుకొండల కాపలా చెప్పాడు, కొట్టు పెరిగిన తీరు చెప్పాడు. చివరికి పరుపు వైపు చెయ్యి చాచి, "ఇదే ఆయన గుర్తు. ఇది ఇలాగే ఉండాలి" అన్నాడు.

తాత లేచి పరుపు దగ్గర కూర్చున్నాడు. దబ్బనం లాగి, అంచు కుట్టడం మొదలుపెట్టాడు.

"తాతా! ముట్టుకోవద్దు!" అని అరిచాడు ఖాసిం.

"మీ నాయన సగం కుట్టిన పరుపు ఎవరికన్నా ఇచ్చినాడా?"

తాతకి చూపు ఆనదు. కుట్లు వంకరటింకరగా పడుతున్నాయి.

దస్తగిరితో మిలిటరీలో పనిచేసిన ఓబులేసు నవ్వాపుకోలేకపోయాడు. "ఈ కుట్టు దస్తగిరి చూసుంటే తంతాండె సాబూ! గుడారం చినిగితే నేనూ ఇట్లే కుట్టినా. బయట మంచు పడతాంటే మొత్తం ఇప్పించి మళ్ళా కుట్టించినాడు."

"మిలిటరీలోనే అనుకున్నావా?" అంది కొట్టులో దూది ఏకే సాలమ్మ. "బేరగాడు గడప దాటినాక గూడా, మూల వంకరుందని వెనక్కి పిలిచినాడు. ఆ మనిషి మాతో కొట్లాట పెట్టుకున్నాడు, చాల్లే పొమ్మని."

"దీనికి జడ వేసినా అంతే" అంది ఫక్కీరమ్మ, మాబున్ని తల నిమురుతూ. "పాయ వంకరపోతే ఇప్పేసేవాడు. ఇది బడికి లేటని ఏడ్చేది, ఈయన మాత్రం వదిలేవాడు కాదు."

మాబున్ని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

ఖాసిం వచ్చి తాత పక్కన కూర్చున్నాడు. "లెయ్ తాతా" అని, తాత వేసిన కుట్లన్నీ విప్పేశాడు. తండ్రి కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడ దబ్బనం గుచ్చి, మెల్లగా, సూటిగా కుట్టుకుంటూ వెళ్ళాడు. మౌలాలి చేతిలో కాగితాలతో ఇంకా నిలబడే ఉన్నాడు. అతన్ని ఎవరూ చూడటం లేదు.

అంచు పూర్తయ్యాక ఖాసిం దారం తెంపాడు.

"మౌలాలీ, ఆ కొస పట్టు. లోపల మాబున్నికి వేద్దాం."

మౌలాలి కాగితాలు కింద పెట్టి, పరుపు పట్టుకున్నాడు.