లైకోను కోసిన పండ్లు

గర్భిణి చేతిలో మలేరియా మాత్ర పెట్టేముందు పెద్ద నర్సమ్మ ఒక మాట తప్పకుండా అడిగేది: "నీ అన్నదమ్ముల్లో, మేనమామల్లో, జ్వరం మాత్రలు మింగాక ఉచ్చ నల్లబడినవాళ్ళెవరైనా ఉన్నారా?" ముప్పై అయిదేళ్ళు కాఫీ తోటల కొండలు ఎక్కి దిగిన మనిషి ఆవిడ. మాత్రలు విసిరేసి జీపెక్కిపోయేవాళ్ళను చాలామందిని చూసింది. వాళ్ళ వెనక ఏం మిగిలిందో కూడా చూసింది. ఆవిడ దగ్గర పని నేర్చుకోడానికి అనకాపల్లి నుంచి వచ్చిన ధరణికి మాత్రం నవ్వొచ్చేది. "మందిస్తున్నారా, సంబంధం చూస్తున్నారా అమ్మా?" అనేది.

కాఫీ కోతల రోజుల్లో సుక్రికి మళ్ళీ జ్వరం తగిలింది. ఆరో నెల. కడుపు పండాక ఇది మూడోసారి. మందు వేస్తే తగ్గుతుంది. కాలేయంలో దాక్కున్న మలేరియా పురుగు నెలకో రెండు నెలలకో మళ్ళీ లేస్తుంది. కిందటి కాన్పులో ఈ జ్వరానికే ఎనిమిదో నెలలో, కడుపులోనే బిడ్డను పోగొట్టుకుంది సుక్రి. "ఈ బిడ్డనైనా దక్కించండమ్మా. ఆ జొరాన్ని ఏరుతో పీకెయ్యండి" అని ధరణి చెయ్యి పట్టుకుంది.

వేరుతో పీకే మాత్ర ధరణి సంచిలోనే ఉంది. పధ్నాలుగు రోజులు మింగాలి. కొందరి రక్తానికి అది పుట్టుకతోనే సరిపడదు, రక్తకణాలు విరిగి ఉచ్చ నల్లబడుతుంది. సుక్రి రక్తం పరీక్ష చేసి చూసింది ధరణి. ఏ లోపమూ కనపడలేదు. గర్భిణికి ఇవ్వరాదని పాఠంలో చదువుకుంది, నిజమే. కానీ ఆ ముఖం చూశాక పాఠం మీదే కోపం వచ్చింది.

"తల్లి రక్తం బాగుంది కదమ్మా. మరెందుకు ఇవ్వకూడదు?"

పెద్ద నర్సమ్మ అప్పటి జ్వరానికి ఇవ్వదగిన మాత్రలు దగ్గరుండి మింగించి, "రేపు పొద్దున్న కాఫీ తోటకి పోదాం రా" అంది.

తోటలో సుక్రి తల్లి బుద్రి, అన్న లైకోను పక్కపక్కనే కోస్తున్నారు. బుద్రి బుట్టలో ఒక్క పచ్చికాయ లేదు, అంతా కుంకుమ పోసినట్టుంది. లైకోను బుట్టలో సగం పచ్చివే. అవతలి వరసలో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఒరే లైకోనూ, కోతులు కూడా పండు చూసే కోత్తాయిరా!"

"కోతుల్నే పిలుసుకోండి కోతకి" అన్నాడతను నవ్వుతూ. "ఆకూ పండూ నాకు ఒకలాగే అవుపిత్తాది. నానేటి సేసేది?"

పెద్ద నర్సమ్మ లైకోను బుట్ట ఎత్తి బుద్రి బుట్ట పక్కన పెట్టింది. "బుద్రీ, మీ ఇంట్లో ఇంకెవరన్నా ఇలాగున్నారా?"

"మా తమ్ముడూ ఇంతేనమ్మా. మిరపకాయ పండిందో లేదో నోట్లో ఎట్టుకుంటే గానీ తెలిసీది కాదు."

"నీకు?"

"నాకేటి? ఆ కొసకొమ్మకి ఎన్ని పండేయో ఇక్కణ్ణించే సెప్తాను."

"మరి లైకోను నీ కడుపునే పుట్టాడు గదా. వాడికా కళ్ళు ఎక్కడివే?"

బుద్రి చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. రెండు బుట్టలకేసీ చూసింది. "నాలోంచే ఒచ్చుంటాయమ్మా" అంది మెల్లగా. "నాకే తెలీకండా మోసుంటాను."

ధరణి చెయ్యి తనకు తెలియకుండానే సంచి మీదికి పోయింది. కొండ దిగుతూ అంది: "కళ్ళ సంగతి వేరు, రక్తం సంగతి వేరు కదమ్మా."

"వేరే" అంది పెద్ద నర్సమ్మ. "వచ్చే దారొకటే. తల్లి మింగిన మాత్ర బిడ్డకీ అందుతుంది, ఆ బిడ్డ రక్తం ఎవరు చూశారు?"

సుక్రి వాకిట్లో ఎండలో కూర్చునుంది. ఒళ్ళు చల్లబడింది, అంబలి తాగుతోంది. ధరణి పక్కన చతికిలబడి చెప్పింది: "ఈ జ్వరాన్ని దించేశాం. పదిహేను రోజులకోసారి నేనే వచ్చి రక్తం చూస్తాను. దోమతెర విడవకు. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, కబురు పెట్టు. వేరుతో పీకేది కాన్పయ్యాకే, బిడ్డ రక్తం కూడా చూశాక."

"మరి అందాకా?"

"అందాకా నేనుంటాను."

సుక్రి ఆమెను ఎగాదిగా చూసి, "ఉంతానంటే సరే. ముందు అంబలి తాగు" అని ముంత చేతికిచ్చింది. ఆ మూడు నెలలూ ధరణి ఒక్క వాయిదా తప్పలేదు. మరోసారి జ్వరం లేచినా, లేచిన రోజే పట్టుకుంది. నెలలు నిండాయి.

నొప్పులు మొదలైన పొద్దున్న, గుడిసె బయట నీళ్ళు కాస్తూ ధరణి అడిగింది: "లోపలున్నదాని రక్తం ఎవరి పోలికో ముందే తెలిసే దారి ఉంటే ఎంత బాగుండునమ్మా?"

పెద్ద నర్సమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"బయటికి రానీవే. అప్పుడు చూద్దాం దాని బుట్ట."