గంభీరయ్యగారి ఒక్క చూపు

ముత్యాలరేవు రాజు జయధీరుడికి ఏ పనైనా చిటికెలో తేలిపోవాలి. అన్నం ఉడికేదాకా ఆగడమే ఆయనకు పెద్ద తపస్సు. అలాంటి రాజుకు గంభీరయ్య దొరికాడు.

గంభీరయ్య సముద్రం ఎరగని మెట్టసీమ నుంచి కొత్తగా వచ్చినవాడు. "ఒక్క చూపు చాలు ప్రభూ, మనిషి ఏపాటివాడో చెప్పేస్తాను" అని మీసం దువ్వాడు.

రాజు మురిసిపోయాడు. "తమ పని తాము చేసుకోలేని వాళ్ళకు కోట నుంచి తోడు మనిషిని పంపిస్తాం. ఎవరికి పంపాలో గంభీరయ్య ఒక్క చూపులో తేలుస్తాడు. ఆ చూపు తప్పని నిరూపించండి, అడిగింది ఇస్తాను!" అని చాటించాడు.

ఆ ఊళ్ళోనే సన్యాసయ్య ఉన్నాడు. ఓడలకు తెరచాపలు కుట్టిన చెయ్యి. ఇప్పుడు కంపవాతం ముదిరింది. కంపవాతమంటే ఒట్టి చేతుల వణుకేననుకుంటాం. కాదు. ఒళ్ళంతా కొయ్యబారుతుంది, పాదం నేలకు అంటుకుపోతుంది. మందు ఎక్కితే కాసేపు మామూలు మనిషి. దిగిందా, మంచం మీద ఒత్తిగిల్లలేడు. ఒక్కోసారి బాగా నడుస్తున్నవాడు గడప దగ్గర ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడతాడు.

అలా పడ్డవాణ్ణి లేపీ లేపీ భార్య పైడితల్లి నడుం పోయింది. ఇంకోసారి పడితే లేపే దిక్కు లేదని కోటలో మొరపెట్టుకుంది.

గంభీరయ్య పొద్దున్నే వచ్చాడు. పెద్ద అధికారి వస్తున్నాడని సన్యాసయ్య ముందే మందు వేసుకుని, ఉతికిన పంచె కట్టించుకుని కూర్చున్నాడు. ఎదురెళ్ళి దండం పెట్టాడు. మంచినీళ్ళ చెంబు తనే అందించాడు.

"భేషుగ్గా ఉన్నాడే! ఇతనికి తోడెందుకు?"

"మందు ఎక్కినప్పుడు చూశారు బాబూ. దిగాక ఓపాలి రండి" అంది పైడితల్లి.

"పొద్దున నడిచిన కాళ్ళు సాయంత్రం నడవవా? నాటకాలు!" అని చక్కా పోయాడు.

పైడితల్లి వెళ్ళి అడపకత్తె నాంచారి దగ్గర ఏడ్చింది. అడపకత్తె అంటే రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే మనిషి. నాంచారి చేతిలో ఆకు ఎంత చురుగ్గా మడత పడుతుందో, నోట్లో మాటా అంతే.

"ఊరుకో పిన్నీ. ఆయన చూపుకు కాస్త ఉప్పుగాలి తగలనీ."

మర్నాడు కొలువులో తాంబూలం అందిస్తూ అంది. "ప్రభూ, ఎదురుగా ఇసుక తిప్ప మీద గవ్వలు కాల్చి మన తాంబూలానికి సున్నం చేసేవాళ్ళు పడవ కావాలంటున్నారు. అవసరమో కాదో గంభీరయ్యగారు ఒక్కసారి చూసి చెబితే తేలిపోతుంది కదా!"

రాజు ఆ ఒడ్డున ఈత నేర్చినవాడే. నవ్వు ఆపుకుని, "వెళ్ళిరా గంభీరయ్యా" అన్నాడు.

అప్పుడు సముద్రం వెనక్కి తీసి ఉంది. చీలమండ తడిసేన్ని నీళ్ళు. గంభీరయ్య పంచె ఎగ్గట్టి తిప్ప మీదికి నడిచాడు.

"ఈ మాత్రానికి పడవా? బద్ధకం!"

సున్నం వాళ్ళు నాంచారి మాట ప్రకారం చేపల పులుసుతో భోజనం పెట్టారు. సుష్టుగా తిని, తాటాకు పందిట్లో గుర్రు పెట్టాడు.

లేచేసరికి పోటు వచ్చింది. తిప్ప చుట్టూ సముద్రం. ఒడ్డున రాజు, కొలువంతా, పైడితల్లి కూడా.

"పడవ! పడవ పంపండి!"

నాంచారి చేతులు నోటికి అడ్డం పెట్టి కేకేసింది. "ఎందుకండీ? పొద్దున నడిచే వెళ్ళారుగా!"

"పొద్దున నీళ్ళు లేవు తల్లీ! ఇప్పుడు పీకల్లోతున్నాయి!"

"మరి ఏది నిజమండీ? పొద్దుటిదా, ఇప్పటిదా?"

"రెండూ నిజమే! ముందు పడవ పంపు!"

నాంచారి రాజు వైపు తిరిగింది.

"విన్నారా ప్రభూ! సన్యాసయ్య నడకా నిజమే, పడకా నిజమే!"

ఒడ్డంతా గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

పైడితల్లి మెల్లగా అంది. "పోటుకైనా ఓ వేళుంది బాబూ. మా ఆయన జబ్బుకు అదీ లేదు."

రాజు నవ్వు ఆగింది. "తల్లీ, తోడు మనిషి ఈ పూటే మీ ఇంటికి వస్తాడు. ఇకనుంచి మంచిగంట ఒక్కటే చూసి ఎవరూ తేల్చకూడదు. చెడ్డగంట ఎలా ఉంటుందో, పక్కనుండి చూసేవాళ్ళను అడగాలి."

తర్వాత నాంచారిని అడిగాడు. "నీకేం కావాలో కోరుకో."

"ఆ తిప్పకు ఒక పడవ ఇప్పించండి ప్రభూ. వాళ్ళకు నిజంగానే అవసరం."

రాజు జవాబు చెప్పేలోగా నీళ్ళవతల నుంచి గంభీరయ్య గొంతు చించుకున్నాడు.

"చాలా అవసరం ప్రభూ! నేను కళ్ళారా చూసి చెబుతున్నాను!"