సుద్దపొడి తడిసేదాకా

ఏసుపాదానికి కొద్దిరోజులుగా ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. బళ్లారి రోడ్డులో సొంతంగా షెడ్డు పెట్టుకోవడానికి చోటు చూసుకున్నాడు. ఆ సంగతి ఉస్తాద్‌కు చెప్పాలి. నట్టు బిగించడం దగ్గర్నుంచి అన్నం పెట్టి మరీ నేర్పిన మనిషికి, వెళ్లిపోతున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

ఉస్తాద్ దస్తగిరికి కర్నూలులో పాత కార్ల మెకానిక్‌గా మంచి పేరు. ఆ రోజు ఒక పాత ఫియట్ ఇంజనుకు క్రాంక్ షాఫ్ట్ కోసం ఇద్దరూ పాత సామాన్ల బజారుకు వెళ్లారు. ఆ కారుకు కొత్తది ఎక్కడా దొరకదు. ఎవరో వాడి తీసేసిన వాటిలోనే మంచిది ఏరుకోవాలి. ఏరే పని ఉస్తాద్ మొదటిసారి శిష్యుడికి వదిలేశాడు.

ఏసుపాదం మనసు ఒక షాఫ్టు మీద పడింది. అద్దంలా మెరుస్తోంది. బేరింగులు కూర్చునే చోటల్లా మైక్రోమీటరు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. వేలితో నిమిరితే ఎక్కడా గీత తగల్లేదు. ఇక చూసేదేమీ లేదు, ఇదే తీసుకుందామని గట్టిగానే అన్నాడు. ఉస్తాద్ మెచ్చుకుంటాడనీ, ఆ ఊపులో అసలు మాట కూడా చెప్పేయొచ్చనీ వాడి ఆశ.

దస్తగిరి మెచ్చుకోలేదు, కాదనలేదు. షాఫ్టును కొట్టువాడి కిరసనాయిల్ తొట్టిలో కాసేపు నాననిచ్చి, తీసి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, గీకి, ఆ పొడి దానిమీద పలచగా చల్లాడు. రెండు టీలు చెప్పి బల్ల మీద చేరగిలబడ్డాడు.

"ఇంకేం చూడల్ల ఉస్తాద్?"

"ఏం లేదు. కూచో."

కూర్చోవడమొక్కటే ఏసుపాదానికి చేతకాని పని. టీ వచ్చింది. ఉస్తాద్ ఊదుకుంటూ తాగుతున్నాడు. షాఫ్టు వైపు చూడడం లేదు, వీడి వైపూ చూడడం లేదు. ఏమీ అడగని మనిషి పక్కన ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో వాడికి అప్పుడే తెలిసింది. గ్లాసు సగమయ్యేసరికి మాట దానంతటదే జారింది.

"ఉస్తాద్, బళ్లారి రోడ్డులో షెడ్డు పెట్టుకుంటాండా."

చెప్పి తల దించుకున్నాడు. ఎదురుగా షాఫ్టు. తెల్లటి పొడి మీద, బేరింగు కూర్చునే చోటు అంచున, సన్నగా తడిగీత తేలుతోంది. లోపలి పగుల్లో దాగిన కిరసనాయిలు మెల్లగా బయటికొస్తోంది. దాన్నే బిగించి ఉంటే ఏదో ఒక రోజు నడిదారిలో విరిగిపోయేది.

దస్తగిరి కూడా ఆ గీత చూశాడు. లేచి, మిగిలిన సుద్దముక్కను శిష్యుడి చొక్కా జేబులో వేశాడు. ఆ జేబు మీద చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు.

"ఈ షాఫ్టుకన్నా నువ్వే ముందు చెప్తివి లేరా" అన్నాడు.