గొళ్ళెం లేని అద్దాల మేడ

తణుకులో కాళహస్తాచారి అనే వడ్రంగి ఉండేవాడు. పనిలో దిట్టే, కానీ నలుగురూ ‘ఆహా’ అనకపోతే అతనికి అన్నం సహించేది కాదు.

ఒకసారి అతనికి పామును పెంచాలన్న సరదా పుట్టింది. పశువుల డాక్టరు సువర్చలమ్మగారి దగ్గర అనుమతి కాగితాలున్న విదేశీ పాములు ఉండేవి. ఆచారి వెళ్ళి అన్నిటికన్నా పెద్ద కొండచిలువను చూపించాడు.

"అదిప్పించండి డాక్టరుగారూ. జనం గుడ్లప్పగించి చూడాలి!"

"బాగుందయ్యా వరస! ముందు దీన్ని పెంచు," అని ఆవిడ ఎర్రమచ్చల చిన్న పామును చేతిలో పెట్టారు. "విషం లేదు, నెమ్మదైనది. కొత్తవాళ్ళకు ఇదే మంచిది. దాక్కోడానికి చోటు, తలుపుకు గొళ్ళెం మాత్రం మరిచిపోకు. నెల్లాళ్ళలో తిండికి అలవాటు పడితే నీది. లేకపోతే వెనక్కి తీసుకుపోతాను."

ఆ బుల్లి పాము అతని వేలిని చుట్టుకుంది. అంతే, ఆచారి మనసు కరిగిపోయింది. చిన్నమ్మి అని పేరు పెట్టేశాడు.

ఇక చూడాలి అతని హడావుడి! చిన్నమ్మికని ఓ బుల్లి మేడ చేశాడు: నాలుగువైపులా అద్దాలు, టేకు స్తంభాలు, చిలకను చెక్కిన తలుపు.

"గొళ్ళెం ఏదండీ?" అంది భార్య పేరిందేవి.

"గొళ్ళెం పెడితే చిలక ముక్కు కనబడదే!" అన్నాడు ఆచారి.

వీధంతా వచ్చి మెచ్చుకుంది. చిన్నమ్మి మాత్రం ఓ మూలకు ముడుచుకుపోయింది. ఎలుకపిల్లను పెడితే ముట్టలేదు. మూడు వారాలు అలాగే గడిచాయి. నలుగురూ ఆహా అంటున్నా ఆచారికి అన్నం సహించలేదు.

ఒక ఉదయం చూస్తే మేడ ఖాళీ! "అయ్యో చిన్నమ్మీ!" అని ఆచారి లబోదిబోమన్నాడు. పక్కింటివాళ్ళు మంచాలెక్కేశారు. చివరికి పేరిందేవి పనిపాక మూలనున్న పాత సొరుగు లాగి, "ఇదిగో, మీ ముద్దుల కూతురు," అంది. గోనెగుడ్డ కింద చిన్నమ్మి హాయిగా చుట్టుకొని పడుకుంది.

"నాకు బుద్ధి లేదే! దాక్కోడానికి చోటివ్వకుండా, ఇన్నాళ్ళూ దీన్ని నడివీధిలో కూర్చోబెట్టినట్టు చేశాను," అన్నాడు ఆచారి.

ఆ సొరుగుకే మూత బిగించాడు. గాలికి బెజ్జాలు వేశాడు, నీళ్ళగిన్నె పెట్టాడు, గట్టి గొళ్ళెం కొట్టాడు. రెండోరోజే చిన్నమ్మి ఎలుకపిల్లను గుటుక్కున మింగింది.

గడువు నాటికి డాక్టరుగారు వచ్చారు. "ఊరంతా చెప్పుకుంటున్న ఆ అద్దాల మేడ ఏదయ్యా?"

"మా ఆవిడ అందులో గాజులు పెట్టుకుందండీ."

డాక్టరుగారు సొరుగు మూత తీసి, నిండిన పొట్ట చూసి నవ్వారు. "ఈ పెట్టెను చూసి ఎవరూ ఆహా అనరే!"

"అనక్కర్లేదండీ. అది తింటోంది, చాలు."

"అయితే చిన్నమ్మి నీదే!"

ఆ పూట ఎవరూ మెచ్చుకోకుండానే ఆచారి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇల్లు కట్టేటప్పుడు చూడవలసింది అందులో ఉండేవారి సుఖం, చూడవచ్చేవారి మెప్పు కాదు.