భావనమ్మ విసిరిన వేపరెమ్మ

"ఎవరింటికి ఆపదొచ్చినా పిలవకముందే వస్తాం!"

అనగనగా నీ గొంతులోనే ఒక సాలెవీధి ఉంది, అమ్మలూ. ఆ వీధికి కావలిపెద్ద నరసింగడు ఇచ్చిన మాట ఇది. దగ్గొస్తే ఈ అమ్మమ్మ వైపు కాదు, అటు తిరిగి దగ్గు. విను మరి.

ఆ వీధిలో ఇంటికో మగ్గం. చివరిల్లు భావనమ్మది. కార్తీక అష్టమినాడు పొద్దున్నే ఆమె ఇంట్లో ఒక దొంగ దూరాడు. వాడికి నగలొద్దు, గిన్నెలొద్దు. మగ్గం మీద తన బొమ్మే నేయించుకుంటాడు. నేసిన ప్రతి బొమ్మా లేచి ఇంకో దొంగవుతుంది!

అప్పుడు భావనమ్మ కేకేసింది. నరసింగడు పలకలేదు. మళ్ళీ కేకేసింది. "దొంగ ఆనవాలు చెప్పు," అన్నాడు. మూడోసారి కేకేస్తే, "ఆనవాలు పట్టడానికి ఏడు రోజులు, పున్నమి దాకా పడుతుంది," అన్నాడు.

"ఏడు రోజులా! అప్పటికి వీధంతా దొంగలే!"

ఆ వీధిలో ఒక ఆచారముంది. దొంగపడ్డ ఇల్లే ఇరుగుపొరుగుకి హెచ్చరికగా వేపరెమ్మలు పంపాలి. అవి ముందే కోసి దాచరు. ఆపదొచ్చాకే కోస్తారు. తన ఇల్లు ఇక దక్కదని భావనమ్మకి తెలుసు. అయినా పెరట్లోకి పరుగెత్తి, రెమ్మలు కోసి గోడ మీంచి విసిరింది.

పక్కింటి మార్కండేయులు విసుక్కున్నాడు. "ఏంటొదినా, పెళ్ళిళ్ళ గిరాకీలో! మగ్గం ఆపితే తినేదేంటి, నీ వేపాకా?"

"మగ్గం ఆగితే నాలుగు పూటలు పస్తు, మరిదీ. ఆడితే వీధే ఉండదు. ఆపండి మగ్గాలు! మన వీధిని మనమే కాపాడుకుందాం!"

అప్పుడు మార్కండేయులు మగ్గం ఆపాడు. ఆ తర్వాత పడుగు దారాలు తెంపాడు. ఆ తర్వాత, నేసిన గుడ్డముక్క గుమ్మానికి వేలాడదీశాడు, లోపల దొంగ ఉంటే వాడి బొమ్మ బయటి కావలివాళ్ళకి కనబడేలా. వీధంతా అలాగే చేసింది. దొంగలు వచ్చారు, మగ్గాలు తొక్కారు. ఒక్కటీ ఆడలేదు!

అందుకే నీకు ఒళ్ళునొప్పులు, అన్నం సయించకపోవడం. అవి సమ్మె నొప్పులే, బంగారూ. ఆ దొంగని డాక్టరమ్మ వైరస్ అంటుంది, ఒంట్లో ఒక కణం పక్క కణాలకి పంపే ఆ వేపరెమ్మని ఇంటర్‌ఫెరాన్ అంటుంది.

"మరి భావనమ్మ ఏమైంది, అమ్మమ్మా?"

దొంగతో సహా ఇల్లు కూలిపోయింది, తల్లీ. ఆ చోటే కొత్త ఇల్లు లేస్తోంది. పెరట్లో మొదట నాటింది వేపమొక్కే. ఇవాళ వీధంతా వెళ్ళి, ఇచ్చిన మాట గుర్తుచేస్తూ నరసింగడి గుమ్మానికి ఒక రెమ్మ కట్టొచ్చింది.

కథేమో కంచి దారికి,
కునుకేమో నీ కంటికి,
జ్వరమేమో దాని ఇంటికి,
నరసింగడూ, నీ జవాబు కార్తీక పున్నమికి!