మాటను ఆపిన నవ్వు

అమెజాన్ అడవిలో ఓ చిన్న నది ఒడ్డున జుసారా అనే ఆవిడ ఉండేది. ఆవిడ మాట ఎంతో చక్కనిది, కానీ ఎదుటివాళ్ల మాటలో తప్పు దొర్లితే పదిమందిలో నవ్వకుండా ఉండలేకపోయేది.

ఆ ఊరివాళ్లది తుపీ భాషాకుటుంబానికి చెందిన పాత భాష. జుసారా చిన్నతనంలో రేవంతా అదే వినబడేది. ఆడవాళ్లు కర్రపెండలం తురుముతూ ఆ భాషలోనే కబుర్లు చెప్పుకునేవారు. పిల్లలు నీళ్లలో దూకుతూ ఆ భాషలోనే పోట్లాడుకునేవారు. తర్వాత పట్నం చదువులు వచ్చాయి. పిల్లలంతా పోర్చుగీసుకు అలవాటుపడ్డారు.

మనవరాలు పొతీరా మాత్రం అమ్మమ్మ భాష నేర్చుకోవాలని ముచ్చటపడింది. మన తెలుగులోలాగే ఆ భాషలోనూ ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. పోర్చుగీసులో రెండింటికీ ఒకటే మాట. ఓ పొద్దున పిల్ల బుట్ట పట్టుకుని రేవుకు వచ్చి, పాత భాషలో, “అమ్మమ్మా, మేము చేపలకు వెళ్దామా?” అంది.

జుసారా పగలబడి నవ్వింది. “మీరు వెళ్లండమ్మా! ఇక నేనెందుకూ?” అంది. రేవులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

పొతీరా బుట్ట అక్కడే పడేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత అమ్మమ్మ ఏమడిగినా పోర్చుగీసులోనే జవాబు చెప్పేది.

“పిల్ల చిన్నబుచ్చుకుంది. దగ్గరకు పిలిచి మాట్లాడు” అన్నాడు భర్త కవుబీ.

“తప్పును తప్పనకపోతే ఎలా?” అంది జుసారా.

ఏళ్లు గడిచాయి. ఆమె ఈడువాళ్లు ఒక్కొక్కరే పోయారు. చివరికి కవుబీ కూడా పోయాడు. పొద్దున్నే లేచి “వాన వచ్చేలా ఉంది” అంటే, ఆ భాషలో “అవును” అనే మనిషి లేకుండా పోయాడు. ఆమె కోళ్లతో మాట్లాడుకునేది. ఒక్కోసారి రేవులో కూర్చుని, పాత గొంతులు వినబడతాయేమోనని చెవులు రిక్కించేది.

ఒకనాడు గుడిసె వెనక పొతీరా గొంతు వినబడింది. ఇప్పుడామె ఓ బిడ్డకు తల్లి. చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, వచ్చీరాని పాత భాషలో తాత పడవ గురించి చెబుతోంది. వాళ్ల భాషలో పోయిన వస్తువు పేరు చివర ‘క్వేర్’ అని చేర్చాలి. చేర్చకపోతే అది ఇంకా ఉన్నట్టే. ఆ పడవ ఏనాడో వరదకు కొట్టుకుపోయింది. పొతీరా మాత్రం అది రేవులో ఉన్నట్టే చెబుతోంది. అమ్మమ్మను చూడగానే చటుక్కున నోరు మూసుకుంది.

తప్పు దిద్దే మాట జుసారా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పక్కనే చతికిలబడింది.

“ఆపేశావేం తల్లీ? ఆ పడవ ముందు భాగాన మీ తాత ఓ పక్షిని చెక్కాడు. బిడ్డకు అది కూడా చెప్పు” అంది. తను మాత్రం పడవకు ‘క్వేర్’ చేర్చే అంది.

పొతీరా ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముసలి కళ్లలో నీళ్లున్నాయి తప్ప, వెక్కిరింత లేదు.

“ఏం పక్షి అమ్మమ్మా?” అని పాత భాషలో తడబడుతూ అడిగింది. తర్వాత కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, పడవకు ‘క్వేర్’ చేర్చింది.

పొద్దువాలేదాకా ఇద్దరూ కబుర్లాడుకున్నారు. మర్నాటి నుంచి ఇరుగుపొరుగు పిల్లలూ వచ్చి కూర్చోసాగారు.

నేర్చుకునేవాళ్ల తప్పులకు నవ్వితే మాట గొంతులోనే ఆగిపోతుంది; ఓపికగా వింటే తప్పులూ సర్దుకుంటాయి, మాటా బతుకుతుంది.