దుప్పటికి రెండో కొస

సుధీంద్రరావు ఆదోనిలో పేరున్న వకీలు. మిల్లు యజమానుల తరఫున లేబర్ కేసులు వాదించేవాడు. ఓడిపోవడం ఆయనకు అలవాటు లేదు. అలాంటి మనిషికి ఉన్నట్టుండి నిద్ర కరువైంది.

ఒక శుక్రవారం తన గురువు లాలూసాహెబ్ తాత దగ్గరికి వెళ్లాడు. ఊరి చివర చిన్న దర్గాలో ఉండే ఫకీరు ఆయన. కుళాయి దగ్గర దుప్పట్లు ఉతుకుతున్నాడు.

"స్వామీ, ఈ పని మానేద్దామనుకుంటున్నా."

"ఏమైంది నాయనా?"

"ఈరన్న అని, మిల్లులోంచి తీసేసిన మనిషి. లేబర్ కోర్టులో అవతలి మనిషి ఒప్పుకుంటేనే వకీలు నిలబడాల. జడ్జిగారు అడిగితే, 'రానీయండి సార్, ఆయన పని ఆయన చేసుకోవద్దా' అన్నాడు. తను మాత్రం వకీలును పెట్టుకోలేదు. నిజం చెప్పేదానికి వకీలెందుకంటాడు. నేనేం అడిగినా అవునని తలూపుతాడు. వచ్చే వాయిదాతో అతని ఉద్యోగం ఇక తిరిగి రానట్టే. గెలుస్తున్నా గానీ, సిగ్గుగా ఉంది."

తాత తడి దుప్పటి కొస ఒకటి ఆయన చేతికిచ్చాడు. "పిండు నాయనా."

వకీలు మెలితిప్పాడు. తిప్పేకొద్దీ దుప్పటి మొత్తం ఆయనతోపాటే తిరిగింది. రెండో కొస నేలమీద పొర్లి మట్టయింది.

"నీళ్లు దిగడం లేదు స్వామీ. అవతల ఎవరన్నా పట్టుకోవాల."

"మరి పట్టుకోమని పిలవకపోయినావా," అన్నాడు తాత, ఇంకో దుప్పటికి సబ్బు రాస్తూ.

తర్వాతి వాయిదాలో వకీలు లేచి, ఈరన్నకు ప్రభుత్వం తరఫున ఒక వకీలును ఇప్పించమని, అంతదాకా విచారణ ఆపమని కోరాడు. మిల్లు యజమాని ముఖం మాడ్చుకున్నాడు. ఈరన్న కూడా అడ్డం పడ్డాడు.

"నాకెందుకు సార్, మీరున్నారు కదా."

"నేను నీ వాణ్ణి కాదు ఈరన్నా," అన్నాడు వకీలు.

ఈరన్న తరఫున నాగవేణి అనే వకీలమ్మ వచ్చింది. ఈయన వేసిన ప్రతి ప్రశ్నకూ ఆమె అడ్డు తగిలింది. ఈయనా తగ్గలేదు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో అంత గట్టిగా ఎప్పుడూ వాదించలేదు.

తీర్పు వచ్చాక మళ్లీ దర్గాకు వెళ్లాడు. తాత కుళాయి దగ్గరే ఉన్నాడు.

"ఓడిపోయినా స్వామీ. ఈరన్నను పనిలోకి తీసుకోమన్నారు."

"చేతులు నొప్పి పుట్టినాయా?"

"పుట్టినాయి."

"అయితే పిండినట్టే," అని తాత దుప్పటి తీగమీద ఆరేశాడు.